గంగప్ప కొబ్బరికాయ, మోటారుబోటు

బైరెడ్డిపల్లె చరిత్రను రెండు యుగాలుగా విభజించాలి: గంగప్ప అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకోక ముందు, పెట్టుకున్న తర్వాత. ఎవరైనా బోరు వేయదలిస్తే, పీచు తీసిన కాయను అరచేతిలో పడుకోబెట్టి వాళ్ళ పొలమంతా నడుస్తాడు. కాయ లేచి నిలబడిన చోట కింద నీళ్ళున్నట్టు. కాయ నిలబడని పొలం నేటివరకూ లేదు. నీళ్ళు పడిన పొలాల సంగతి చరిత్రకారులు తేల్చవలసి ఉంది.

అలవాటు పొలాలతో ఆగలేదు. పెళ్ళిపందిట్లో, కుప్పం రైల్వే ప్లాట్‌ఫారం మీద, చివరికి మదనపల్లెలో స్కానింగుకు పడుకున్నప్పుడు కూడా కాయ చేతిలోనే.

"అది పక్కన పెట్టప్పా" అంది నర్సు.

"యాలమ్మా? నీ గది కింద మున్నూరడుగుల్లో జల ఉండాది. చెప్పేవాడొకడు ఉండాల గదా."

అలాంటి గంగప్ప పోయినేడు మామిడితోట అమ్మి మోటారుబోటు కొన్నాడని తెలిసి మండలం నిర్ఘాంతపోయింది. మాకు సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. పక్కింటివాణ్ణి గనక వెళ్ళి అడిగాను.

"నీకు ఈతొచ్చునా గంగప్పా?"

"ఈత నేర్సుకునేకి నీళ్ళు యాడ సామీ?"

ఆ ఆదివారమే నన్నూ, వాళ్ళక్క మునియమ్మనూ కారెక్కించాడు. ఆమె తమ్ముడితో మాట్లాడి మూడేళ్ళయింది. ఆయన కాయ నిలబడిన మూడు చోట్లా బోర్లు వేయించింది. మూడూ దుమ్ము చిమ్మాయి. "నీళ్ళు సూపించిన దినమే నీతో మాట" అని అప్పుడే తేల్చేసింది. కారులో ఇద్దరి మధ్యా జానెడు దూరం. రాయబారం నాది.

"యాడికి తీస్కపోతాండాడో అడుగప్పా వాణ్ణి."

"సూస్తాదిలే అని చెప్పు సామీ."

సముద్రం ఒడ్డున మైపాడులో తన బోటెక్కించాడు. ఒడ్డు వెంబడి కిలోమీటరు తిన్నగా పోవడం, తిప్పుకుని పక్కనే మళ్ళీ తిన్నగా రావడం. వలలు బాగుచేసుకుంటున్న జాలర్లు పని ఆపి లేచి నిలబడ్డారు.

"ఇదేం తిరుగుడు గంగప్పా?"

"సాలు తప్పకూడదు సామీ."

నాలుగు సాళ్ళయ్యాక ఇంజను ఆపి కాయ తీశాడు. కింద సముద్రం, చుట్టూ సముద్రం. కాయ పడుకునే ఉంది. తూర్పుకు తిరిగాడు, పడమటికి తిరిగాడు. కదల్లేదు. చరిత్రలో ఇది మొదటిసారి.

గంగప్ప మొహం వాడిపోయింది. "ఇది నిలబడకపాయె అక్కా. అయినా నీళ్ళు ఈడ ఉండాయి, సూడు." జేబులోంచి పేర్లు రాసిన మడతల కాగితం తీశాడు. "నేను సెప్పిన చోట బోరేసి చెడినోళ్ళు ఇంకా ఇరవయ్యారిండ్లోళ్ళు ఉండారు. వారానికి ఒగ ఇంటిని తెస్తా. పైరు పండియ్యలేను. నీళ్ళు సూపిస్తానంటి, సూపియ్యాల గదా."

మునియమ్మ నీళ్ళకేసి చూసింది. వంగి దోసిట్లోకి తీసుకుని నోట్లో పోసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"ఉప్పురా" అంది.

మూడేళ్ళ తర్వాత తమ్ముడితో ఆమె మొదటి మాట అది.

"రుచి సంగతి నేను మాటియ్యలేదక్కా" అన్నాడు గంగప్ప.

ఆమె తమ్ముడి చేతిలోని కాయ లాక్కుని బోటు ఇనప అంచుకేసి కొట్టింది. "నోరెండిపోయి ఉండాది నీకు. తాగు."

నలభై ఏళ్ళుగా మేమంతా ఆయన కాయ కింద నీళ్ళు వెతికాం. కాయలోనే ఉన్నాయి, అరగ్లాసు.