రంగేసుకున్న బాబాయి

ఆ కంప్యూటర్ల కొట్లో పదకొండేళ్ళుగా కౌంటర్ వెనక కూర్చుంటున్నావిడను అందరూ చీటీల పిన్ని అంటారు. కంపెనీవాళ్ళు ప్రాసెసర్లకు పెట్టే పేర్లు పేర్లలా ఉండవు కదా, తాళం పోయిన పెట్టె మీది నంబర్లలా ఉంటాయి. అందుకని పిన్ని ప్రతి డబ్బా వెనకా తన చేతిరాతతో ఒక చీటీ అతికించేది. బ్యాటరీని జాగ్రత్తగా వాడుకునేది పొదుపు వదిన. పని దంచేస్తూ ఫ్యాను మోత మోగించేది కోపిష్టి మామయ్య. విడిగా కూలరు కొనిపెడితే తప్ప కదలనిది కొత్తల్లుడు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. చేరిన కొత్తలో ఒక ఎంబ్రాయిడరీ డిజైన్లాయన వస్తే, పెద్ద నంబరు కదా అని ఒక ల్యాప్‌టాప్ అంటగట్టింది. వారం తిరక్కుండా ఆయన దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టి, తెరిచి, ఒక పువ్వు బొమ్మ మీద నొక్కి చేతులు కట్టుకు నిలబడ్డాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. పిన్నికి తల తీసేసినట్టయింది. ఆ రోజే సామానుతో వచ్చిన కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఆ రకం నాలుగంకెల నంబర్లలో మొదటి అంకె అమ్మకానికి వచ్చిన ఏడాదిది మాత్రమేననీ, లోపలి సరుకు అసలు వయసు మూడో అంకెలో నక్కి ఉంటుందనీ అప్పుడు తెలిసింది. ఏళ్ళ నాటి పాత సరుకును కొత్త ఏడాది అంకెతో మళ్ళీ అమ్ముతున్నారన్నమాట. అలాంటి వాటికి ఆవిడ పెట్టిన పేరు రంగేసుకున్న బాబాయి.

ఇంత చేసిన మనిషికి ఇప్పుడు కంపెనీవాళ్ళ పరీక్ష వచ్చిపడింది. కౌంటర్లో కూర్చునే ప్రతివాళ్ళూ కంపెనీ పేర్ల మీద ఇరవై ప్రశ్నలకు జవాబు రాయాలట, పదిహేను రాకపోతే కుర్చీ ఖాళీ చేసి వెనక గోదాములో డబ్బాలకు టేపు వేసుకోవాలట. వచ్చినవాళ్ళతో వాగకపోతే పిన్నికి పొద్దు గడవదు. గోదాములో మాట్లాడటానికి అట్టపెట్టెలు తప్ప ఎవరున్నారు? వారం రోజులు ఆవిడకు నిద్ర సరిగ్గా లేదు.

"పిన్నీ, పరీక్ష పెట్టే మేనేజరు వచ్చేలోపు ఆ చీటీలన్నీ పీకెయ్. ఆయన చూస్తే నా కొంప మునుగుతుంది," అన్నాడు కొట్టు యజమాని.

ఒక్కొక్కటే పీకి సొరుగులో పెట్టుకుంది. చివరి చీటీ పీకేటప్పుడు, ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే బయటికి పంపేసినట్టనిపించింది.

ఏరియా మేనేజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచి, నెత్తి మీద నల్లటి నలుపు. ఆ నలుపు కింద మొదళ్ళలో మాత్రం తెల్లటి గీత మెరుస్తోంది. పిన్ని చూడనే చూసింది, చూసి గబుక్కున తల వంచుకుంది.

పరీక్ష రాయించి, తన జవాబుల పట్టీతో సరిచూసి, పెదవి విరిచాడు.

"పద్నాలుగమ్మా. ఒక్కటి తగ్గింది."

"ఏది తప్పు సార్?"

"పదహారోది. ఎనిమిది వేల ఐదువందల ఇరవై, ఏడువేల ఆరువందల నలభై. రెండింట్లో ఏది చురుకైంది అంటే నువ్వు ఏడువేలది అన్నావు. ఎనిమిది పెద్దదా, ఏడు పెద్దదా?"

"లెక్కల్లో ఎనిమిదే సార్. కానీ మూడో అంకె చూడండి. దాన్లో రెండుంది, దీన్లో నాలుగుంది. లోపల ఏడువేలదే కుర్రది."

"పట్టీ తప్పంటావా?"

యజమాని వెనక నుంచి సైగలు చేస్తున్నాడు, వద్దు వద్దని. పిన్ని అటు చూడలేదు. అయినా కుర్చీ పోయేటప్పుడు నోరు కట్టుకుని ఏం లాభం?

"అనను సార్. పందెం వేద్దాం. మీ సంచిలోని ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎనిమిది వేల ఐదువందల ఇరవయ్యే కదా, ఇందాక మీరు పట్టీ తీసేటప్పుడు మూత మీది స్టిక్కరు చూశాను."

"పోయిన నెలే కొన్నా. అన్నిటికంటే కొత్తది," అన్నాడాయన గర్వంగా. తీసి బల్ల మీద పెట్టాడు.

పక్కన ఏడువేలదాన్ని పెట్టి, రెండింట్లోనూ మూడువందల ఫొటోలు వేసి, అన్నిటినీ ఒకేసారి చిన్నవి చేయమని నొక్కారు. కొట్లో ఉన్న నలుగురూ చుట్టూ మూగారు. ఏడువేలది నిమ్మళంగా పని ముగించి కూర్చుంది. మేనేజరుగారి మిషను అప్పటికి సగం దూరం కూడా రాలేదు, ఫ్యాను మాత్రం రొప్పుతోంది. ఆయన దాన్ని చూశాడు, పట్టీని చూశాడు.

"నా మిషనుకే ఏదో అయ్యుంటుంది. ఇదే నంబరు ఇంకోటి ఉందా?"

అంటూనే అలమరలో అదే నంబరున్న డబ్బా కనిపించి, తనే లాగి వెనక్కి తిప్పాడు. పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. పీకడం మరిచిన ఒకే ఒక్క చీటీ ఆ డబ్బా మీదే ఉంది.

మేనేజరు పైకే చదివాడు. "రంగేసుకున్న బాబాయి. పైకి ఎనిమిది, లోపల రెండు."

ఆయన చెయ్యి తనంతట తానే నెత్తి మీదికి వెళ్ళింది. యజమాని కళ్ళు మూసుకున్నాడు. నవ్వాపుకోలేక ఎవరో దగ్గారు.

"సార్, అది డబ్బా గురించి," అంది పిన్ని.

"తెలుస్తోందమ్మా," అన్నాడాయన. డబ్బాను బల్ల మీద పెట్టాడు. తర్వాత పెన్ను తీసి పద్నాలుగు కొట్టేసి పదిహేను వేశాడు, తన పట్టీలో పదహారో జవాబు కూడా దిద్దుకున్నాడు. "చీటీలు మళ్ళీ అతికించుకో. కొనేవాళ్ళకు అవే అర్థమవుతాయి."

ఆయన గుమ్మం దాటాక యజమాని నేల మీద కూర్చుని నవ్వాడు. పిన్నికి మాత్రం నవ్వు రాలేదు. పాపం, పెద్దమనిషిని నలుగురిలో చిన్నబుచ్చానే అని సాయంత్రం దాకా బాధపడింది.

మూడు నెలలకు ఆయన మళ్ళీ వచ్చాడు, ఈసారి పరీక్షకు కాదు, తన మిషను మార్చుకోవడానికి. నెత్తి మీద నలుపన్నది లేదు, జుట్టంతా హాయిగా నెరిసి ఉంది. పదకొండేళ్ళ కుర్చీలోంచి పిన్ని చటుక్కున లేచి నిలబడింది.

"రండి బాబాయిగారూ," అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

ఆయన మిషను బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కున్నాడు. "ఈసారైనా లోపల కూడా కొత్తగా ఉండేది ఇవ్వమ్మాయ్."