సముద్రానికి వెళ్ళొస్తానని చెప్పాను

చాలా ఏళ్ళ తర్వాత ఈ రోజు మా వారితో అంతర్వేది వెళ్ళి, స్వామి దర్శనం చేసుకుని సముద్రం దగ్గరికి నడిచాం. పెళ్ళయిన కొత్తలో మేం కూర్చుని పులిహోర తిన్న సరుగుడు తోట కనిపించలేదు. ఒడ్డునే తన ఇంటి ముందు చేపలు ఎండబెడుతున్న పెద్దావిడని అడిగితే అలల వైపు చెయ్యి చూపించింది.

"ఆ లోపలుందండి. మా పాత ఇల్లూ దాని పక్కనే. ఇది ఎనక్కి జరిగి కట్టుకున్నామండి."

ఈ ఇంటి గుమ్మానికీ అలకీ మధ్య పెద్ద దూరం లేదు.

బయల్దేరేటప్పుడు అలవాటుగా సముద్రానికి దణ్ణం పెట్టి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాను.

"మీరు రానక్కర్లేదండి, ఆవిడే మీ ఊరొచ్చేత్తాది" అంది పెద్దావిడ, చేపలు తిరగేస్తూ.

మా వారు నవ్వారు. నేను ఆ గుమ్మం వైపు చూశాను. ఇంటికొచ్చి దీపం పెట్టి, అక్కడే ఆగమ్మా అని చెప్పుకున్నాను. మీరైతే సముద్రానికి ఏమని చెప్పి వస్తారండి?