రెండో కేసెట్లో మారిపోయిన హీరో

ఆ రోజుల్లో సినిమా హీరో మంచివాడా, చెడ్డవాడా అని ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకునేవారు కాదు. హీరో అంటే మంచివాడే. తొంభైల మొదట్లో, నా పదిహేడో ఏట, నేనూ అంతే ధీమాగా ఉండేవాణ్ణి. అరకు సంత పక్కనున్న రేకుల షెడ్డులో కేసెట్ బాబాయి (నాకు ఏ వరసా కాడు, ఊరందరికీ బాబాయే) సంత రోజున టీవీలో సినిమాలు వేసేవాడు. కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో చాలామందికి సంతలో బేరమాడే తెలుగే తప్ప సినిమా తెలుగు సరిగ్గా అందేది కాదు. అందుకని టీవీ పక్కన ఒకడు నిలబడి కథంతా వాళ్ళ ఒరియా మాటల్లో చెప్పాలి. ఆ ఒకణ్ణి నేనే. జీతం లేదు, పకోడీ పొట్లం మాత్రం ఉండేది. ఆ గౌరవం కోసం పడి చచ్చేవాణ్ణి.

ఏజెన్సీ బడిలో మాస్టారైన మా నాన్నకి ఇది బొత్తిగా నచ్చలేదు. త్యాగం చెయ్యనివాడు హీరోయే కాదని ఆయన సిద్ధాంతం. "కత్తులు పట్టుకు తిరిగే వెధవల కథలు చెప్పి వాళ్ళని పాడు చేస్తావా? ఈ వారం నేనే వచ్చి చూస్తాను. నచ్చకపోతే నీ కథలు బంద్!" అన్నాడు. నా కొలువు నిలబెట్టడానికి బాబాయి పాపం కొండ దిగి ఎస్.కోటలో కేసెట్ల షాపుకి వెళ్ళి, నాన్నకి ప్రాణమైన బ్లాక్ అండ్ వైట్ సినిమా పట్టుకొచ్చాడు. పెద్ద సినిమా, రెండు కేసెట్లు. మొదటి దాంట్లో హీరో తన భూమంతా రైతులకి పంచేసి, ఎవరి మీదా చెయ్యెత్తనని ఒట్టు పెట్టుకున్నాడు. నాన్న తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. నా కొలువు ఖాయమనుకున్నాను.

బాబాయి రెండో కేసెట్ పెట్టాడు. తెర మీద రంగులు! ఎవడో మీసాలవాడు మోటారు సైకిల్ మీద కత్తి పట్టుకుని నలుగుర్ని తరుముతున్నాడు. షాపువాడు వేరే సినిమా రెండో సగం పెట్టి పంపాడని నాకు అర్థమయ్యేసరికి చెమటలు పట్టాయి. బాబాయి వైపు చూశాను. "ఆపీకురా గుంటడా! ఆపితే జనం లేచిపోతారు. బేగి ఏదోటి సెప్పీ!" అన్నాడు పళ్ళ బిగువున. ఇంతలో ముందు వరసలోని ముసలమ్మ, "ఏటి బాబూ, ఆ బాబు మొకం మారిపోనాదేటి?" అంది. "దిగువకి ఎల్లాడు గదా మామ్మా!" అన్నాను. షెడ్డంతా తలూపింది (పని కోసం కొండ దిగి దిగువ ఊళ్ళకి వెళ్ళి గుర్తు పట్టలేకుండా తిరిగొచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు). మరి ఈ రంగులేమిటి? నాలుగు డబ్బులొచ్చాయి కదా! మళ్ళీ తలూపారు. అయితే, చెయ్యెత్తనన్నవాడు ఎందుకు నరుకుతున్నాడు? మోసపోయాడన్నాను. నరుకుతూ నవ్వుతాడెందుకు? నరికాక ఆ పిల్లతో గెంతుతాడెందుకు? నాకు మాత్రం ఏం తెలుసు? వెనక నుంచి నాన్న చూపు నా మెడ మీద గుచ్చుకుంటోంది.

అప్పుడే హీరో ఒకడి చొక్కా పట్టుకుని ఇంట్లోంచి బయటికి ఈడ్చాడు. ముసలమ్మ లేచి నిలబడింది. "ఇచ్చిన బూమి మల్లీ లాగేసుకుంతన్నాడేటి?" అంది. షెడ్డులో తలలన్నీ నా వైపు తిరిగాయి. అది వాళ్ళకి సినిమా సంగతి కాదని ఆ ముఖాలు చూస్తే తెలిసింది (చేతికొచ్చిన భూమి మళ్ళీ పోగొట్టుకున్నవాళ్ళూ ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు). నాకు భయమేసింది. "లేదు మామ్మా! ఇచ్చింది ఇచ్చిందే. ఆ బూమి జోలికి ఎవడూ రాడు. ఇది వేరే గొడవ!" అని అరిచాను. ఆవిడ కూర్చుని, మిగతా తన్నులాటని హాయిగా చూసింది.

ఇంటికి నడుస్తూ నాన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "రెండో సగం పరమ చెత్త. నువ్వు చెప్పిన కథ అంతకన్నా చెత్త," అన్నాడు. నా కొలువు ఊడిందనుకున్నాను. "కానీ ఆ భూమి మాట మాత్రం నిలబెట్టావురా. వచ్చే వారం కూడా వెళ్ళు," అన్నాడు.

ఆ తర్వాత పదిహేనేళ్ళకి, విశాఖలో మా ఇంట్లో, ఏడేళ్ళ మా అమ్మాయి సీడీ పెట్టింది. హీరో ఒక బ్యాంకుని ముంచి, పోలీసుల్ని ఏడిపించి, ఖరీదైన కారెక్కి నవ్వాడు. అది చప్పట్లు కొట్టింది. "అమ్మా, ఇతను మంచివాడా, చెడ్డవాడా?" అని అడిగాను. నా మీద జాలిపడి, "హీరో నాన్నా!" అంది. ఆ ముసలమ్మలాగే తలూపి ఊరుకున్నాను. ఈ సినిమాకి మొదటి కేసెట్ ఇంకెవరి డబ్బాలోనో ఉండిపోయిందని నా అనుమానం. టీవీ పక్కన ఆ పదిహేడేళ్ళవాడు పకోడీ పొట్లంతో నిలబడి ఉంటే బాగుండేది, నాకు ఏదో ఒకటి చెప్పేవాడు.