చెకింగ్ అక్క పెట్టిన కామెంటు

బట్టల ఫ్యాక్టరీలో ఆమె పని తప్పులు పట్టడం. చొక్కా బల్లమీదికి రాగానే ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తుంది. కుట్టు జారినచోట ఎర్ర స్టిక్కర్ అంటించి వెనక్కి పంపుతుంది. దాన్ని కుట్టినవాళ్ళే విప్పి మళ్ళీ కుట్టాలి. అందుకే అందరూ నోరారా అక్కా అని పిలిచినా, అన్నాలవేళ ఆమె పక్కకి ఎవరూ చేరరు.

"చెకింగ్ అక్క పక్కన కూర్చున్నావంటే నీ కూరకి కూడా స్టిక్కర్ వేస్తుందే!"

ఆమె కూడా నవ్వేసి, గోడవైపు తిరిగి తింటుంది.

ఆదివారం డిగ్రీ క్లాసులో చేరినప్పుడు, సూపర్‌వైజర్ కావాలంటే చదువుండాలని ఇంట్లో చెప్పింది. అక్కడైతే తనతో ఎవరైనా కలిసి తింటారేమోనన్న ఆశ మాత్రం చెప్పలేదు.

విద్యార్థులందరూ తలా ఒక బ్లాగు తెరిచి వారం వారం రాయాలి, తోటివాళ్ళ బ్లాగుల కింద కామెంట్లు పెట్టాలి. అన్నిటికీ మార్కులున్నాయి. "చదివినట్టు తెలియాలి. పొగిడితే చాలదు," అన్నారు మాస్టారు.

ఒక క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేసే అమ్మాయి, చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోయిన తన అక్క గురించి రాసేది. ఆ అక్క దువ్వెన ఇంకా అద్దం ముందే ఉందని ఒకచోట రాసింది. మిగతావాళ్ళు అయ్యో పాపం అన్నారు. ఈమె మాత్రం, "దువ్వెన తీయడం మర్చిపోయారా, తీయబుద్ధి కాలేదా?" అని అడిగింది.

"తీయబుద్ధి కాలేదు. నన్నింతవరకూ ఎవరూ ఈ మాట అడగలేదక్కా," అని జవాబొచ్చింది.

అలా మొదలైంది. ఒకరి రాతలకింద ఒకరు రాసుకుంటూ మీరు నుంచి నువ్వులోకి వచ్చారు. ఆదివారాలు ఒకే బెంచీమీద కూర్చుని, ఎవరి డబ్బాలోది ఎవరు తింటున్నారో చూసుకోకుండా తినేవాళ్ళు. "ఇంత చప్పిడి కూర ఎలా తింటావక్కా? మా క్లినిక్‌లో బీపీ పేషెంట్లు నయం!" అని ఆ పిల్ల వెక్కిరిస్తే, ఈమెకి ఆ వారమంతా కడుపు నిండినట్టుండేది.

ఒకసారి ఆ అమ్మాయి ఇలా రాసింది: "అక్క వెళ్ళిపోయిన రాత్రి నేను క్లినిక్‌లో డ్యూటీలో ఉన్నాను. ఇంట్లో ఉండుంటే కాళ్ళు పట్టుకునైనా ఆపేదాన్ని."

ఈమె పాత రాతలు వెనక్కి తిప్పి చూసింది. సూట్‌కేసు చక్రాలు మెట్లు దిగుతున్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో మోగుతోందని ఆ పిల్లే రాసుకుంది. ఫ్యాక్టరీలో, సరుకు గేటు దాటకముందే తప్పు చూపించడమే మేలు చేయడం. ఆ అలవాటుతోనే కామెంటు పెట్టింది.

"డ్యూటీలో ఉంటే ఆ చప్పుడు ఎలా విన్నావు? మెలకువగానే ఉండి లేవలేదా? అయితే అదే రాయమ్మా. మనసు తేలికవుతుంది."

"ఆలోచింపజేశారు. ధన్యవాదాలు," అని జవాబొచ్చింది. అందులో అక్కా అన్న పిలుపు లేదు.

ఆదివారం ఆ అమ్మాయి వేరే బెంచీలో కూర్చుంది. విరామంలో ఈమె వరండాలో ఎదురెళ్ళింది.

"కోపమొచ్చిందా?"

"మా అక్క ఎక్కడుందో చెప్పదుగానీ, నా బ్లాగు చదువుతోందని తెలుసు. దాని కోసమే రాస్తున్నా. డ్యూటీలో ఉన్నానన్నది కూడా దానికి చెప్పిన మాటే."

"నీకు బరువు దిగుతుందని..."

"నువ్వు చదవలేదక్కా. సోదా చేశావు."

ఈమె అక్కడే నిలబడి ఫోన్లో తన కామెంటు తీసేసింది. గంట కొట్టాక లోపలికి వెళితే, మాస్టారు ముందే ఫొటో తీసి పెట్టుకున్న అదే కామెంటు ప్రొజెక్టర్‌లో గోడమీద వెలుగుతోంది. "కామెంటంటే ఇదీ!" అన్నారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టకపోతే బాగుండదని ఆ అమ్మాయి కూడా కొట్టింది.

తర్వాతి వారం ఆ అమ్మాయి బ్లాగులో కొత్త పేజీ వచ్చింది. స్నేహితురాలి ప్రశ్న తన కళ్ళు తెరిపించిందట. మెలకువగానే ఉన్నానని అక్కకి ఫోన్ చేసి ఒప్పుకుందట. ఇద్దరూ ఏడ్చారట, అక్క ఇంటికొస్తోందట. కింద అభినందనలు వరసకట్టాయి. ఈమె ప్రాణం లేచొచ్చింది. ఆదివారం క్లాసు కాగానే బస్టాపు దాకా వెంటపడింది.

"మీ అక్క ఎప్పుడొస్తోందే?"

"రావట్లేదు."

"మరి రాశావుగా?"

"ఫోన్ చేసిన మాట నిజం. అదప్పటికే నీ కామెంటు చదివేసింది. 'మెలకువగానే ఉన్నావన్నమాట' అంది, పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు. మిగతాదంతా మార్కులకి."

బస్సు దూరంగా మలుపు తిరిగింది.

"ఆ పేజీ కింద నన్నేం రాయమంటావు?"

"ఏదో ఒకటి రాయండి. మీరు రాయకపోతే మాస్టారికి అనుమానమొస్తుంది," అని ఆ అమ్మాయి బస్సెక్కింది.

ఈమె ఆ బస్సు ఎక్కలేదు. బస్టాపులో కూర్చుని ఫోన్ తీసి, తప్పులు లేకుండా టైపు చేసింది: "చదివి చాలా సంతోషించాను. మీ అక్కగారిని అడిగానని చెప్పండి."