గోడ మీది నీటి గీత

దుబాయ్ అల్ ఖూజ్‌లో నేను రాసిన స్టోరు రిజిస్టరులో ప్రాగ్ నగరం పద్దెనిమిది పుటలు ఆక్రమించింది. ఆ నగరాన్ని నేను చూడలేదు. మా షెడ్డులో కట్టించాను. ఒక ప్రదర్శన కోసం ఆ రాజధాని రాతి వంతెననూ, గడియారపు గోపురాన్నీ, వల్టావా నది ఒడ్డునున్న పాత ఇళ్ల వరుసనూ థర్మాకోలుతో, ప్లాస్టరుతో నిలబెట్టడం 2022లో మా కంపెనీకి వచ్చిన పని. నేను స్టోరు చూసేవాడిని. ఎవరు ఏ మాట ఏ రోజు చెప్పారో రాసి, సంతకం పెట్టించుకోవడం నా పద్ధతి.

"కాక రిజిస్టర్ల చిత్రగుప్తుడు గూడ సంతకం పెట్టే పోవాలె," అనేవాడు మా జగిత్యాల మేస్త్రీ.

ఆ ఏడు నాకున్నది ఒకే అక్కర. కరోనా వచ్చిన నాటి నుంచి ఇంటి ముఖం చూడలేదు. నా భార్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు. "నువ్వొచ్చినంకనే ఆపరేషన్. కట్టు విప్పంగనే నిన్నే చూడాలె," అంటూ రెండుసార్లు వాయిదా వేసుకుంది. నా పాస్‌పోర్టేమో మా మేనేజరు, అంటే ముదీర్, బీరువాలో ఉంది. నదీతీరం పని ముగిసిన రోజే సెలవు అన్నాడాయన. ఆ మాటకూ సంతకం తీసుకున్నాను.

పని ముగిసింది. ముదీర్ వచ్చి పెదవి విరిచాడు.

"చాచా, ఏ తో నయా లగ్తా హై! పురానా బనావ్, నదీ కే కినారే కా పురానా."

నది ఒడ్డు పాతదనం కావాలన్న ఆ మాటను అలాగే రాసుకున్నాను. మేస్త్రీ గోడలకు టీ డికాషను పూశాడు, మసి అద్దాడు. చివరికి అన్ని ఇళ్లకూ కిటికీల కింద, ఒకే ఎత్తులో, బురద రంగు గీత గీశాడు. గోదావరి పొంగి తగ్గాక మా వైపు గోడల మీద మిగిలే గీత అది.

వాళ్లిచ్చిన నమూనా ఫోటోలో ఈ గీత ఎక్కడుందని ముదీర్ మండిపడ్డాడు.

"నది పక్కకు ఇల్లన్నంక నీళ్లు రాకుంటయా? గీత లేకుంటె అది చుట్టపుచూపుకు వచ్చిన ఇల్లు," అని మేస్త్రీ తెలుగులోనే గొణిగాడు.

"ఖలాస్! సబ్ మిటావ్. ఛుట్టీ కాన్సిల్!"

తుడవాల్సింది మేస్త్రీ గీత. పోయింది నా సెలవు. రిజిస్టరు తెరిచి ఆయన సంతకాన్ని ఆయన ముందే పెట్టాను. అడిగిన పాతదనం ఇదేనన్నాను. అరవై దాటిన వాడిని. గొంతు పెంచలేదు గాని సంతకం మీది నుంచి వేలు తీయలేదు. ఆయన పుస్తకం మూసి నా వైపు నెట్టాడు.

గీత తుడిచేలోపే, మర్నాడు ఉదయం, పని అప్పగించిన వారి తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. ఆమెది ఆ నగరమే. వంతెన దాటి, గోపురం వైపు కన్నెత్తకుండా, ఇళ్ల ముందు ఆగింది. గీత మీద అరచేయి ఆనించింది. ఒకసారి వరదకు తమ ఇంట్లో నీళ్లు ఇంతకంటే జానెడు పైకి వచ్చాయని ఇంగ్లీషులో చెప్పింది. ఇది ఎవరి చేతి పని అని అడిగింది. నేను మేస్త్రీని చూపించాను. తానే గీయించినట్టు ముదీర్ తలాడించాడు.

పాస్‌పోర్టు చేతికి వచ్చినట్టే అనుకున్నాను. అంతలో ఆమె ఇంకో మాట అంది. నది అవతలి ఒడ్డు కూడా కావాలట. ఈ మనుషులతోనే, ఈ గీతతోనే.

"యల్లా, చాచా," అంటూ ముదీర్ నా భుజం తట్టాడు. "దూస్‌రా కినారా ఖతమ్, ఫిర్ ఛుట్టీ."

అవతలి ఒడ్డు ముగిశాకే సెలవన్న ఆ మాటను తేదీ వేసి రాశాను. ఆయన నవ్వుతూ సంతకం పెట్టాడు. పాత సంతకానికీ దీనికీ ఒక్క గీత కూడా తేడా లేదు.

సాయంత్రం నా భార్యకు ఫోను చేసి, నదికి ఇంకో ఒడ్డు మిగిలిందని, అది కాగానే వస్తానని చెప్పాను.

"దుబాయ్‌ల నది ఏడికెళ్లొచ్చింది?" అంది. "అబద్ధమాడినా జర అతికేటట్టు ఆడు."