నాలుగు సెకన్ల తేడా

ఎడ్విన్ థ్రెల్‌ఫాల్‌ను చూసినవాళ్ళు గొర్రెల కాపరి అనుకుంటారు. స్కాట్లండు వానలకు బిగుసుకుపోయిన ఉన్ని కోటు, జేబులో ఓట్స్ రొట్టె, కోణాలు చూసే యంత్రానికి ఆనించీ ఆనించీ కుడికంటి చుట్టూ నల్లబడిన చర్మం. దేశపటం కోసం ముప్ఫై ఏళ్ళుగా కొండలెక్కి, శిఖరానికీ శిఖరానికీ మధ్య కోణాలు కొలుస్తున్నాడు. నేల కొలిచే గొలుసు మోసే కూలీగా చేరినవాడు గనక ఆఫీసర్లు తమ బల్ల దగ్గర కూచోనివ్వరు. గాలి తగ్గేదాకా రాతి పక్కన గంటలకొద్దీ ఆగుతాడు. తగ్గాక చేతులు ఊదుకుని, యంత్రపు మరను వెంట్రుకవాసి తిప్పి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. చూసిన అంకెను సిరాతో రాస్తాడు.

1937 జూన్‌లో మూడు శిఖరాలు కలిపిన త్రికోణంలో కోణాలు కూడితే, రావలసిన మొత్తానికి నాలుగు సెకన్లు తక్కువొచ్చింది. డిగ్రీని మూడువేల ఆరువందల ముక్కలు చేస్తే అందులో నాలుగు. డేరాలో అతని పై ఆఫీసరు కెప్టెన్ పెల్లీ ఆ అంకెల పుస్తకం చూశాడు.

"ఇంతేనా? మూడు కోణాలకీ తలా కాస్త పంచి, పాత అంకెలు కొట్టేసి సరిదిద్దవయ్యా. సోమవారం పంపాలి."

"పంచడానికి ఇదేం కేకా సార్? వారమివ్వండి, మళ్ళీ ఎక్కి కొలుస్తాను."

"వారం లేదు. నీ కన్ను ముసలిదైందని పైకి రాశాననుకో, రేపట్నించి గోదాములో తాళ్ళు చుట్టుకుంటూ కూచుంటావు."

"రాయండి. ముసలిదయ్యే ఉంటుంది. కానీ అది చూడని అంకె ఈ చెయ్యి రాయదు."

కొండ లేని బతుకు తలుచుకుంటూ థ్రెల్‌ఫాల్ డేరా గుమ్మంలోంచి శిఖరం వైపు చూశాడు. అయినా కలం తీసి, అంకెల కింద నిదానంగా రాశాడు: 'నాలుగు సెకన్లు కలవలేదు. మార్చమన్నారు. మార్చలేదు.' సంతకం పెట్టి పుస్తకాన్ని కెప్టెన్ వైపు తిప్పాడు.

"ప్రతి పుటకూ ఆఫీసరు సంతకం కావాలిగా సార్. చోటుంచాను."