కట్టర్ పెట్టెలో మూడు ముక్కలు

పనిముట్లు అద్దెకిచ్చే ఆ షాపు వెనకగదిలో ఒక బల్ల, బల్ల వెనక ఒక స్టూలు, స్టూలు మీద ఇరవై రెండేళ్ళుగా ఒకే మనిషి. ఆయన్ని అందరూ నిమ్మళం బాబాయ్ అంటారు. తొందర అనేది ఆయన గడప చుట్టపుచూపుగానైనా తొక్కలేదని ప్రతీతి.

ఆ బల్ల మీదికి ఎన్ని రకాల మిషన్లు వచ్చినా ఆయన ప్రాణం రాడ్ కట్టర్ల మీదే. కట్టర్ చూడ్డానికి నెలల పిల్లాడంత, ఎత్తితే బడికెళ్ళే పిల్లాడంత. లోపల మోటారు నూనెను తోస్తుంది, నూనె పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ బ్లేడును తోస్తుంది. బొటనవేలంత ఇనప రాడ్డు కిక్కురుమనకుండా రెండు ముక్కలవుతుంది. "రాడ్డుకీ వేలికీ తేడా దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మనమే" అంటాడు బాబాయ్.

ఆయన చెప్పే పద్ధతి కాస్త పొడుగు. ముందు ప్లగ్గు పీకి, పీకినట్టు తనకే నమ్మకం కుదరడానికి దాన్ని తెచ్చి బల్ల మీద కళ్ళెదుట పెట్టుకుంటాడు. బ్లేడ్ల సందులో ఇనప రజను బ్రష్షుతో దులుపుతాడు. ఊదడు. ఊదితే రజను కంట్లో పడుతుందని ఒకసారి ఊది తెలుసుకున్నాడు. బ్లేడు బోల్టులన్నీ బిగిస్తాడు. ఒక అంచు మొద్దుబారితే బ్లేడు తిప్పి మరో అంచు ముందుకు పెడతాడు. పిస్టన్ పూర్తిగా వెనక్కి వెళ్ళిందని చూశాకే నూనె మూత విప్పుతాడు. చివరగా స్టాపర్ బోల్టు. కోసేటప్పుడు రాడ్డు పక్కకి ఒరగకుండా, తెగిన ముక్క ఎగరకుండా వెనకనుంచి ఆనుకునే బోల్టు అది. అన్నీ సరిపోయాక అద్దాలు పెట్టుకుని ఒకే ఒక్క ముక్క కోసి, కోసిన ముఖం వెలుతురులో చూసి, జేబులో వేసుకుంటాడు.

ఆ ముక్కలన్నీ ఇల్లు చేరేవి. తలుపు కొట్టుకోకుండా ఒక ముక్క, పేపరు ఎగరకుండా ఒక ముక్క, పాలగిన్నె మూత మీద ఒక ముక్క. "ఈ ఇంట్లో గాలికి ఎగిరిపోయేది ఏదీ మిగల్లేదండీ, నేను తప్ప" అనేది ఆయన భార్య. ఆవిడది మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న విగ్రహం కాబట్టి ఆ భయమూ లేదు.

షాపు ఇప్పుడు పాత యజమాని కూతురి చేతిలో ఉంది. మనిషి మంచిదే గాని గడియారం చూసే అలవాటుంది. పోయిన వారమే తేల్చి చెప్పింది.

"బాబాయ్, ఇకనుంచి ఏ మిషనైనా పది నిమిషాల్లో గుమ్మం దాటాలి. ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా మిమ్మల్ని పైపుల యార్డుకి మార్చేస్తాను."

పైపుల యార్డులో పని పైపులు లెక్కపెట్టడం. పైపుల్లో విప్పడానికి ఏమీ ఉండదు. బాబాయ్ ఆ రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగాడు.

మంగళవారం ఫిర్యాదు రానే వచ్చింది. అదీ సొంత బావమరిది రూపంలో.

బావమరిది రాడ్ బెండింగ్ మేస్త్రీ. పొద్దున్నే కట్టర్ని దాని ఇనప్పెట్టెతో సహా తెచ్చి బల్ల మీద దించాడు.

"బావా, ఒక్క చుక్క నూనె పోసి ఇచ్చెయ్. రేపటికి రెండొందల రాడ్లు కొయ్యాలి."

బాబాయ్ పెట్టె తెరిచాడు. అడుగున మూడు తెగిన ముక్కలున్నాయి. మూడూ ఏటవాలుగా తెగి, ఒక అంచున తోక సాగి ఉన్నాయి. వాటిని తీసి జేబులో వేసుకుని మిషన్ తిప్పి చూశాడు.

"స్టాపర్ బోల్టేదిరా?"

"ఏ బోల్టు?"

"ఉండాల్సిన బోల్టు."

"నువ్విచ్చినప్పుడే లేదు బావా."

బాబాయ్ మిషన్ అద్దెకిచ్చినప్పుడు రాసి గోడకి తగిలించిన కార్డు తీసి చూపించాడు. బోల్టు ఉందని రాసి, కింద బావమరిది సంతకం.

"అబ్బ, అది అడ్డం బావా! రాడ్డు సైజు మారినప్పుడల్లా దాన్ని తిప్పుతూ కూచోవాలి. తీసేస్తే రెండేసి రాడ్లు ఒక్కసారే పెట్టొచ్చు. చేసేవాడికి తెలుస్తుంది, బల్ల దగ్గర కూచునేవాడికేం తెలుసు?"

"రెండు కాళ్ళూ ఒకే చెప్పులో పెట్టి నడిచావా ఎప్పుడైనా?"

మాట పెరిగి ముందుగదికి వినబడింది. షాపావిడ వచ్చింది.

"మేడం, మా బావని తీసుకెళ్ళి నత్తలకి మాస్టారుగా పెట్టండి. అవే కాస్త ముందుంటాయి" అన్నాడు బావమరిది.

ఆవిడ గడియారం చూసింది. "బాబాయ్, ఒక్క బోల్టేగా? నాలుగింటికి మిషన్ ఆయన చేతిలో ఉండాలి. లేకపోతే రేపు పొద్దున మీరు యార్డులో ఉండాలి."

బాబాయ్ మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళాడు.

ఇంట్లో పీట పక్కన నాలుగు గిన్నెల స్టీలు క్యారియరు ఒకటి ఉంది. పైగిన్నెకి ఇంత సొట్ట.

"తమ్ముడు పొద్దున షాపుకొస్తూ ఇచ్చి వెళ్ళాడండీ. కిందపడిందట, మూత పట్టడం లేదు. మీరు సరిచేసి ఇస్తే, వాళ్ళావిడ కంటపడకుండా పట్టుకెళ్తాడట" అంది భార్య.

కిందపడిన గిన్నెకి అంచున సొట్ట పడుతుంది. దీనికి నడుమ పడింది. గుండ్రంగా, ఒక పక్కన తోకతో. బాబాయ్ జేబులోని ముక్కలు తీసి ఒక్కొక్కటే ఆనించి చూశాడు. మొదటిది కుదర్లేదు. రెండోదీ కుదర్లేదు. మూడోది ఉయ్యాల్లో పిల్లలా పడుకుంది.

ఆయన భోజనం పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని, క్యారియరు పట్టుకుని షాపుకి నడిచాడు.

నాలుగింటికి బావమరిదీ షాపావిడా బల్ల దగ్గరికి వచ్చారు. బల్ల మీద మిషన్ లేదు, బల్ల కిందుంది. బల్ల మీద క్యారియరుంది, సొట్టలో ఇనప ముక్క ఉంది.

బావమరిది క్యారియరు వైపు చెయ్యి చాపాడు. "అక్క ఇచ్చేసిందా నీకు?"

"ఎక్కడుంది ఇది అప్పుడు?" అన్నాడు బాబాయ్.

"నీళ్ళ డ్రమ్ము మీద."

"డ్రమ్ము ఎక్కడుంది?"

"మిషన్‌కి అటుపక్క. రెండు బారల దూరం."

"డ్రమ్ము దగ్గర ఎవరున్నారు?"

"నేనే. కుర్రాళ్ళు కోస్తున్నారు. నీళ్ళు తాగి, గ్లాసు కడగడానికి అప్పుడే కిందికి వంగాను, ముక్క ఎగిరొచ్చి దీనికి తగిలింది. తర్వాత కుర్రాళ్ళే దాన్ని ఏరి పెట్టెలో పడేశారు."

షాపావిడ ముక్క తీసి చూసింది, సొట్ట చూసింది, బావమరిది పొట్ట ఏ ఎత్తున ఉందో కూడా చూసింది. గడియారం మాత్రం చూడలేదు.

"బోల్టెక్కడుందయ్యా?" అందావిడ.

"స్కూటర్ స్టాండుకుంది మేడం. సైజు సరిపోయిందని..."

బాబాయ్ స్పానరు పట్టుకుని బయటికెళ్ళి బోల్టు విప్పాడు. స్కూటర్ దాని మానాన అది పక్కకి పడుకుంది. దాన్ని లేపి గోడకి ఆనించి, లోపలికొచ్చి, బోల్టు మరలు శుభ్రంగా తుడిచి మిషన్‌కి బిగించాడు. తర్వాత ప్లగ్గు దగ్గర్నుంచి మొత్తం మళ్ళీ మొదలుపెట్టాడు. నలభై నిమిషాలు పట్టింది. అంతసేపూ బావమరిది నిలబడే ఉన్నాడు, కూర్చోమని చెప్పేవాళ్ళు లేక.

చివర్లో కోసిన ముక్క నున్నగా, నిటారుగా తెగింది. బాబాయ్ దాన్ని బావమరిది చేతిలో పెట్టాడు.

"నీ దగ్గరే ఉంచుకో. నీ ముక్కలు ఇలా తెగనప్పుడు పని ఆపి వచ్చెయ్."

"మరి క్యారియరు బావా?"

"సొట్ట తియ్యను. మీ ఆవిడకి అలాగే చూపించు. ఆవిడ చెప్పేది నాకంటే గట్టిగా ఉంటుంది."

మర్నాడు పొద్దున బాబాయ్ షాపుకి వస్తూ యార్డు వైపు ఓసారి చూశాడు. ఎవరూ పిలవలేదు. వెనకగదిలోకి వెళ్తే తన స్టూలు తన చోటే ఉంది. బల్లకి ఇవతల, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి, ఇంకో స్టూలు వేసి ఉంది. కొత్తది. ఒక కాలు కాస్త పొట్టి.

బాబాయ్ జేబులోంచి ముక్క తీసి దాని కింద పెట్టాడు.